పెట్ స్కాన్: వెలుగు మందుది, తీర్పు ముక్క పరీక్షది

బెంగళూరులో ఏ క్యాన్సర్ ఆసుపత్రి ముందు కాసేపు నిలబడినా తెలుగు మాటలు చెవిన పడుతూనే ఉంటాయి. హిందూపురం, అనంతపురం, మదనపల్లె, చిత్తూరు వైపు నుంచి, 1973లో ఇక్కడ మొదలైన కిద్వాయ్ క్యాన్సర్ సంస్థకీ, ఊళ్లోని ప్రైవేటు ఆసుపత్రులకీ జనం రోజూ వస్తూనే ఉంటారు. వాళ్ల సంచుల్లో ఎక్స్‌రేలు, రక్తపరీక్షల కాగితాలతో పాటు ఇప్పుడు పెట్-సీటీ (పెట్, సీటీ స్కాన్లు రెండూ కలిపి తీసేది) రిపోర్టు కూడా ఉంటోంది. దాన్ని పట్టుకుని ఇంటికి ఫోన్ చేసినవాళ్లు ముందుగా చెప్పే మాట, "ఫలానా చోట వెలుగు వచ్చిందంట" అని. వెలుగు వస్తే క్యాన్సర్ ఉన్నట్టు, రాకపోతే లేనట్టు అని లెక్క. చాలాసార్లు ఆ లెక్క సరిపోతుంది కూడా. సరిపోని సందర్భాలు మాత్రం తక్కువేమీ కాదు. అవి ఎందుకు వస్తాయో ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది, కొన్ని తప్పు నిర్ణయాలూ తప్పుతాయి.

పెట్ యంత్రానికి తనంతట తాను ఏమీ కనబడదు. గుండ్రంగా అమర్చిన డిటెక్టర్ల మధ్య మనిషిని పడుకోబెడితే, ఆ మనిషి ఒంట్లోంచి వచ్చే గామా కిరణాలను అవి పట్టుకుంటాయి, అంతే. ఆ కిరణాలు వచ్చేది గంట ముందు నరంలోకి ఎక్కించిన రేడియోధార్మిక మందు నుంచి. ఆ మందు ఎక్కడ పోగుపడితే అక్కడ వెలుగు వస్తుంది. అందుకే రిపోర్టులో మొదట చూడాల్సింది వెలుగు ఎక్కడుందన్నది కాదు, ఏ మందు ఎక్కించారన్నది. అది పై వరుసల్లోనే ఉంటుంది, దాని మీద ఎవరి కన్నూ పడదు.

ఎక్కువగా వాడే మందు పేరు ఎఫ్‌డీజీ. పూర్తి పేరు ఫ్లోరోడీఆక్సీగ్లూకోజ్. ఇది గ్లూకోజే, కాకపోతే రెండో కర్బనం దగ్గర ఉండాల్సిన ఆక్సిజన్-హైడ్రోజన్ జంటను తీసేసి ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పరమాణువును పెట్టారు. కణం దీన్ని మామూలు గ్లూకోజ్ అనుకునే లోపలికి తీసుకుంటుంది, హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ దానికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. మామూలు గ్లూకోజ్ అయితే అక్కడి నుంచి ముందుకెళ్లి శక్తిగా మారుతుంది. ఎఫ్‌డీజీ ఆ తర్వాతి మెట్టు ఎక్కలేదు, ఫాస్ఫేట్ తగిలింది కాబట్టి వెనక్కీ రాలేదు. ఎలుకబోనులో పడ్డట్టు కణంలోనే ఉండిపోతుంది. చాలా క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ను మామూలు కణాల కంటే బాగా ఎక్కువగా పీల్చుకుంటాయని జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ 1920లలోనే గమనించాడు. పెట్ స్కాన్ బొమ్మకు పునాది అదే.

ఇందులోంచే ఒక అపోహ కూడా పుట్టింది. క్యాన్సర్ చక్కెర తింటుంది కాబట్టి తీపి మానేస్తే, అన్నం మానేస్తే గడ్డ ఎండిపోతుందని వాట్సాప్‌లో తెగ తిరుగుతుంటుంది. మెదడుకీ, ఎర్ర రక్తకణాలకీ గ్లూకోజ్ కావాలి. తినకపోతే కాలేయం ప్రోటీన్ల నుంచైనా దాన్ని తయారు చేస్తుంది. కీమో మధ్యలో ఉన్న మనిషి తిండి మానేస్తే ముందు కరిగేది గడ్డ కాదు, కండ. కీమో తట్టుకోవడానికి ఒంట్లో ఉండాల్సిన సత్తువే అలా పోతుంది.

ఫ్లోరిన్-18 ఎక్కడా తవ్వితే దొరికేది కాదు, ఏ రోజుకారోజు తయారు చేసుకోవాల్సిందే. ఆక్సిజన్-18 ఎక్కువగా ఉన్న ప్రత్యేకమైన నీటిని, ప్రోటాన్లను విపరీతమైన వేగంతో ఉరికించే సైక్లోట్రాన్ అనే యంత్రంలో పెట్టి వాటితో కొడతారు. ఆక్సిజన్ కేంద్రకంలోకి ఒక ప్రోటాన్ వెళ్లి ఒక న్యూట్రాన్ బయటికి వస్తే అది ఫ్లోరిన్-18 అవుతుంది. దాని అర్ధాయువు 110 నిమిషాలు. అంటే ప్రతి 110 నిమిషాలకూ ఉన్నదాంట్లో సగం తరిగిపోతుంది. తరిగే క్రమంలో దాదాపు ప్రతి పరమాణువూ ఒక పాజిట్రాన్‌ను (ఎలక్ట్రాన్ లాంటిదే, కానీ ధనావేశం ఉండే కణాన్ని) విసిరి తిరిగి ఆక్సిజన్-18 అయిపోతుంది. ఆ పాజిట్రాన్ పక్కనే ఉన్న ఎలక్ట్రాన్‌ను ఢీకొని రెండూ మాయమైతే, వాటి స్థానంలో 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాలు రెండు పుట్టి సరిగ్గా ఎదురెదురు దిక్కుల్లో బయల్దేరతాయి. ఆ జంట ఒకేసారి రెండు వైపులా డిటెక్టర్లకు తగిలితే, ఆ రెండింటినీ కలిపే గీత మీదే ఎక్కడో ఆ పరమాణువు ఉందని కంప్యూటర్‌కి తెలుస్తుంది. అలాంటి కోట్ల గీతలు కలిస్తే బొమ్మ తయారవుతుంది.

మన దేశంలో మొదటి వైద్య సైక్లోట్రాన్ ముంబై పరేల్‌లోని రేడియేషన్ మెడిసిన్ సెంటర్‌లో 2002లో వచ్చింది. ఇప్పుడు బెంగళూరులోనే సైక్లోట్రాన్లు ఉన్నాయి. అక్కడ తెల్లవారక ముందే పని మొదలవుతుంది. గంటా రెండు గంటలు ప్రోటాన్లతో కొట్టడం, ఆ తర్వాత సీసపు గోడల మధ్య ఉన్న పెట్టెలో సుమారు అరగంటలో ఆ ఫ్లోరిన్‌ను చక్కెర అణువుకు కట్టడం, ఆపైన పరీక్షలు. ఆమ్లత్వం సరిగ్గా ఉందా, రేడియోధార్మికత అంతా ఎఫ్‌డీజీ రూపంలోనే ఉందా, తయారీలో వాడిన రసాయనాలు మిగిలిపోయాయా, బ్యాక్టీరియా విషపదార్థాలు ఉన్నాయా, వడపోత పొర చిరగలేదు కదా, ఇవన్నీ చకచకా చూస్తారు. సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్షకు మాత్రం 14 రోజులు పడుతుంది. ఆ ఫలితం వచ్చేసరికి మందు రోగి ఒంట్లోకి వెళ్లడం, పూర్తిగా తరిగిపోవడం రెండూ అయిపోయి ఉంటాయి. మామూలు మందుల కంపెనీలో ఇలా కుదరదు, ఫలితం వచ్చాకే సరుకు బయటికెళుతుంది. ఇక్కడ అంత ఆగే వీలే లేదు కాబట్టి గదుల శుభ్రత, పనివాళ్ల క్రమశిక్షణ, ముందు జరిగిన తయారీల రికార్డు వీటి మీదే నమ్మకం పెట్టుకోవాలి. ఈ మందు వెనక ఉన్న కష్టం ఈ ఒక్క విషయంలోనే తెలిసిపోతుంది.

తయారైన సీసా సీసపు డబ్బాలో పెట్టుకుని వాహనం బయల్దేరాక గడియారంతో పోటీ మొదలవుతుంది. హెబ్బాళ దగ్గరో, సిల్క్ బోర్డు దగ్గరో 40 నిమిషాలు ఇరుక్కుంటే డబ్బాలో ఉన్న రేడియోధార్మికతలో ఐదోవంతుకు పైగా దారిలోనే పోతుంది. సైక్లోట్రాన్ లేని ఊరికి నాలుగు గంటల దూరం పంపాలంటే, అక్కడ ఒక రోగికి కావాల్సిన దానికి నాలుగున్నర రెట్లు ఇక్కడ సీసాలో పోయాలి. ఎఫ్‌డీజీకి ఈ పరుగు పుట్టుకతోనే ఉంది. 1976 ఆగస్టులో మొదటిసారి మనుషులకు ఇచ్చినప్పుడు కూడా అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో చేసి, ఫిలడెల్ఫియాకి విమానంలో పంపారు.

పొద్దున ఏడింటికి రమ్మన్నవాళ్లే పదింటికి "ఈ రోజు మందు రాలేదు, రేపు రండి" అంటే రోగి వైపువాళ్లకు కోపం రావడం న్యాయమే. రాత్రి బస్సెక్కి, ఖాళీ కడుపుతో కూర్చున్న మనిషి మరి. సైక్లోట్రాన్ ఆగిపోయినా, నాణ్యత పరీక్షలో ఏదైనా తేలకపోయినా ఆ రోజు సరుకంతా పోయినట్టే. నిన్న మిగిలింది వాడదామంటే నిన్నటిది అనేది ఉండదు. కానీ ఈ సంగతిని అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. బయటి ఊళ్లవాళ్లకు ఒక రోజు అదనంగా ఉండేలా వీలు చూసుకోమని ముందే చెప్పడం ఏ కేంద్రానికైనా పెద్ద పని కాదు.

రోగి చేతిలో ఉన్న భాగం కూడా చిన్నదేమీ కాదు. స్కాన్‌కు ముందు సుమారు ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు మాత్రం తాగొచ్చు. ఇంజక్షన్ గదిలో టెక్నీషియన్ "పెద్దాయనా, పొద్దున ఏమైనా తిన్నారా?" అని అడిగితే "ఏమీ తినలేదు బాబూ, కాఫీ ఒక్కటే తాగాను" అనే జవాబు ఎంత మామూలో అక్కడ పనిచేసేవాళ్లందరికీ తెలుసు. ఆ కాఫీలో రెండు చెంచాల చక్కెర ఉంటుంది. చక్కెర పడగానే ఒంట్లో ఇన్సులిన్ పెరుగుతుంది, ఇన్సులిన్ గ్లూకోజ్‌ను కండరాల్లోకి తోస్తుంది, దాంతో పాటు ఎఫ్‌డీజీ కూడా కండరాల్లోకే పోతుంది. బొమ్మలో తొడలు, భుజాలు వెలిగి, గడ్డ వెలవెలబోతుంది. షుగర్ ఉన్నవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. రక్తంలో గ్లూకోజ్ 200 దాటితే చాలాచోట్ల స్కాన్ వాయిదా వేస్తారు, ఎందుకంటే ఆ గ్లూకోజే ఎఫ్‌డీజీతో పోటీపడుతుంది. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు పేగులు బాగా వెలిగి అక్కడున్న గడ్డను కప్పేస్తాయి. కాబట్టి ఏ మాత్ర ఎప్పుడు ఆపాలో, ఇన్సులిన్ ఎప్పుడు వేసుకోవాలో అపాయింట్‌మెంట్ రోజునే డాక్టరును అడగాలి, సొంతంగా ఆపేయకూడదు.

ఇంజక్షన్ అయ్యాక గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా ఒక గదిలో ఉంచుతారు. ఫోన్ కూడా తీసేసుకుంటారు. మాట్లాడితే స్వరపేటిక కండరాలు వెలుగుతాయి, నమిలితే దవడలు వెలుగుతాయి. ముందు రోజు పొలంలోనో జిమ్‌లోనో ఒళ్లు అలిసేలా పనిచేసినా అంతే. దుప్పటి ఇచ్చేది కూడా ఊరికే కాదు. చలి వేస్తే మెడ చుట్టూ, భుజాల పైభాగంలో ఉండే గోధుమ రంగు కొవ్వు వేడి పుట్టించడానికి గ్లూకోజ్‌ను తగలేస్తుంది. వయసులో ఉన్నవాళ్లలో, సన్నగా ఉన్నవాళ్లలో ఇది మరీ ఎక్కువ. మెడలో లింఫ్ గ్రంథులు ఉన్నాయా లేవా అని చూసే స్కాన్‌లో సరిగ్గా ఆ చోటే వెలిగితే ఎంత తికమకో ఊహించుకోవచ్చు. డిసెంబరు పొద్దున బెంగళూరు చలిలో ఆటో ఎక్కి వచ్చేవాళ్లు స్వెటర్ మర్చిపోకూడదు.

ఇక వెలుగును చదవడం. మెదడు ఎప్పుడూ వెలుగుతుంది, గుండె తరచూ వెలుగుతుంది. ఎఫ్‌డీజీ మూత్రంలో పోతుంది కాబట్టి కిడ్నీలు, మూత్రాశయం కూడా వెలుగుతాయి. ఇవి ఎవరికైనా తెలిసినవే. అసలు చిక్కు వాపుతో, ఇన్ఫెక్షన్‌తో వస్తుంది. సూక్ష్మజీవులతో పోరాడే తెల్లరక్తకణాలు కూడా గ్లూకోజ్‌ను గబగబా తింటాయి. ప్రపంచంలోని టీబీ కేసుల్లో దాదాపు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నాయి. ఊపిరితిత్తిలో చిన్న మచ్చ, ఛాతీ మధ్యలో ఉబ్బిన లింఫ్ గ్రంథులు, రెండూ బాగా వెలుగుతున్నాయి అని రిపోర్టు వస్తే, అమెరికాలో చదువుకున్న లెక్క ప్రకారం అది క్యాన్సర్ అయ్యే అవకాశం ఎక్కువ కావచ్చు. మన దగ్గర టీబీని కూడా అంతే గట్టిగా అనుమానించాలి. ఆపరేషన్ అయిన కొన్ని వారాలకే తీసినా, రేడియేషన్ పూర్తయిన వెంటనే తీసినా పుండు మానే చోట వెలుగు వస్తుంది. అందుకే రేడియేషన్ తర్వాత సాధారణంగా 12 వారాలైనా ఆగమంటారు. తొందరపెట్టి ముందే తీయించుకుంటే ఖర్చూ అవుతుంది, జవాబూ తేలదు.

కాబట్టి పెట్ వెలుగు చూసి క్యాన్సర్ అని పేరు పెట్టకూడదు. ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూసిన పరీక్షే ఆ పేరు పెట్టగలదు. "పెట్‌లో తెలిసిపోయింది కదా, మళ్లీ సూదితో ముక్క తీయడం ఎందుకు, కదిలిస్తే పాకుతుందేమో" అనే వాదన ప్రతి ఇంట్లో ఎవరో ఒక పెద్దవాళ్లు తెస్తారు. ఆ భయంతో ముక్క పరీక్ష మానుకోకూడదు. పెట్ చేసే అసలు మేలు ఇంకోటి ఉంది: ఏ చోట ముక్క తీస్తే సరైన జవాబు దొరుకుతుందో అది చూపిస్తుంది. పెద్ద గడ్డలో సగం చచ్చిన కణజాలం ఉంటే, బతికి ఉన్న భాగం ఎటువైపో చెప్పి సూదికి దారి చూపిస్తుంది.

వెలుగు రాకపోవడం కూడా అంతే జాగ్రత్తగా చదవాలి. ఐదారు మిల్లీమీటర్ల గడ్డలు యంత్రానికి అందకపోవచ్చు. నెమ్మదిగా పెరిగే కొన్ని ప్రోస్టేట్ క్యాన్సర్లు, కొన్ని కాలేయ క్యాన్సర్లు, నిదానంగా ఉండే న్యూరోఎండోక్రైన్ కణితులు (హార్మోన్లు విడుదల చేసే కణాల్లో పుట్టేవి) ఎఫ్‌డీజీని పెద్దగా పట్టించుకోవు.

రిపోర్టులో ఎస్‌యూవీ అనే అంకె ఒకటి ఉంటుంది. రోగి బరువుకి, ఇచ్చిన మోతాదుకి పోల్చి చూస్తే ఆ చోట మందు ఎన్ని రెట్లు పోగైందో చెప్పే అంకె అది. మొదటి స్కాన్‌లో 12, మూడు నెలలకు 8 అని వస్తే ఇంట్లో అందరికీ ఊరటే. కానీ మొదటిది ఒక చోట, రెండోది ఇంకో చోట తీయించి ఉంటే, ఇంజక్షన్‌కీ స్కాన్‌కీ మధ్య ఒకసారి గంట, ఒకసారి గంటన్నర గడిచి ఉంటే ఆ రెండు అంకెల మధ్య తేడాకు అర్థం లేదు. మళ్లీ మళ్లీ తీయించాల్సి వస్తే అదే కేంద్రంలో, అదే యంత్రం మీద తీయించుకోవడం మంచిది. వెయ్యో రెండు వేలో తక్కువని చోటు మారిస్తే ఆ మిగిలిన డబ్బు కంటే పోయేదే ఎక్కువ.

లింఫోమాకు (లింఫ్ గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్‌కు) వైద్యం చేసేవాళ్లు ఈ చిక్కుకు చక్కటి దారి కనిపెట్టారు. 2009లో ఫ్రాన్స్‌లోని దోవిల్ పట్టణంలో కూర్చుని ఒప్పుకున్న కొలమానం అది. గడ్డ వెలుగును అదే రోగి ఛాతీలోని రక్తం వెలుగుతో, కాలేయం వెలుగుతో పోల్చి 1 నుంచి 5 వరకు మార్కు వేస్తారు. కాలేయం కంటే తక్కువగా వెలిగితే మందు పనిచేస్తున్నట్టు, 4 లేదా 5 వస్తే ఆలోచించాల్సినట్టు. కీమో రెండు విడతలయ్యాక ఈ మార్కు చూసి, హాడ్జ్‌కిన్ లింఫోమాలో మందు తగ్గించాలా పెంచాలా అని నిర్ణయిస్తారు. గడ్డ పరిమాణం ఇంకా తగ్గకముందే కణాలు చచ్చిపోయాయని తెలుసుకోవడం సీటీ ఒక్కదానితో అయ్యే పని కాదు. ఎఫ్‌డీజీ అన్నిటికంటే బాగా ఉపయోగపడేది ఇక్కడే.

రేడియేషన్ భయం గురించి కూడా చెప్పుకోవాలి. మనవాళ్లు రేడియోథెరపీని "కరెంటు పెట్టడం" అంటారు. రేడియోధార్మిక మందు అనగానే ఇది కూడా అదేననుకుని జుట్టు ఊడుతుందా, ఒళ్లు కాలుతుందా అని అడుగుతారు. రెండింటికీ పోలికే లేదు. స్కాన్‌కు ఇచ్చే మోతాదు 10 మిల్లీక్యూరీలు అనుకుంటే, ఆ ఎఫ్‌డీజీలో రేడియోధార్మిక ఫ్లోరిన్ పరమాణువులు సుమారు మూడున్నర లక్షల కోట్లు. వినడానికి పెద్ద లెక్కే గానీ, బరువు చూస్తే గ్రాములో వెయ్యి కోట్లవంతు. దీనివల్ల ఒంటికి అందే రేడియేషన్ దాదాపు 7 మిల్లీసీవర్టులు, సీటీది దీనికి అదనం. నేల నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి సగటు మనిషికి ఏడాదికి అందేది 2.4 మిల్లీసీవర్టులు. అంటే అవసరం లేకుండా, ఊరికే చూద్దామని తీయించుకోవాల్సిన స్కాన్ కాదు. అవసరమైనప్పుడు భయపడి మానుకోవాల్సిందీ కాదు. తీయించుకున్న రోజు నీళ్లు బాగా తాగి మూత్రం వెంటవెంటనే పోతే ఇంకా త్వరగా తగ్గుతుంది. ఆ పూటకి పసిపిల్లల్ని ఎత్తుకోకుండా, గర్భిణులకు దూరంగా ఉంటే చాలు. గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానం ఉన్నా, పాలిచ్చే తల్లి అయినా ఇంజక్షన్‌కు ముందే చెప్పి తీరాలి.

ఎఫ్‌డీజీ కనిపెట్టలేని చోట వేరే మందులు పనికొస్తాయి. అన్నిటికంటే పాతది అయోడిన్-131. అయోడిన్‌ను లాక్కునేది ప్రధానంగా థైరాయిడ్ కాబట్టి ఆపరేషన్ తర్వాత మిగిలిన థైరాయిడ్ క్యాన్సర్ కణాలు ఎక్కడున్నా చాలావరకు దీనితో బయటపడతాయి. మోతాదు పెంచితే అదే మందు వాటిని చంపుతుంది. దానికి ముందు వారం రెండు వారాలు అయోడైజ్డ్ ఉప్పు, చేపలు, రొయ్యలు మానేయమంటారు. కణాలు అయోడిన్ కోసం ఆకలిగా ఉండాలని ఆ పథ్యం. ఇంట్లో ఉప్పు మార్చినా బయటి నుంచి తెచ్చిన పచ్చళ్లు, చిప్స్, హోటల్ సాంబారు మానకపోతే ఆ పథ్యం వల్ల లాభం లేదు.

ఎముకల స్కాన్‌కు టెక్నీషియం-99ఎమ్ వాడతారు. దాని అర్ధాయువు ఆరు గంటలు. అది మాలిబ్డినం-99 నుంచి పుడుతుంది, దాని అర్ధాయువు 66 గంటలు కాబట్టి మాలిబ్డినం నింపిన, అందులోంచి టెక్నీషియం పిండుకునే చిన్న డబ్బా (దాన్ని జనరేటర్ అంటారు) తెచ్చుకుంటే ఆసుపత్రికి వారం గడుస్తుంది. ఆ మాలిబ్డినం కొన్ని అణు రియాక్టర్లలోనే తయారవుతుంది. 2009లో కెనడాలోని చాక్ రివర్ రియాక్టర్ ఆగిపోతే ప్రపంచమంతటా స్కాన్లు వాయిదా పడ్డాయి. ఎముకల స్కాన్‌లో వెలిగేది క్యాన్సర్ కణం కాదు, దెబ్బతిన్న ఎముక తనను తాను బాగుచేసుకునే పని. అరిగిన మోకాలు, ఎప్పుడో విరిగిన ఎముక కూడా వెలుగుతాయి. అరవై దాటినవాళ్ల రిపోర్టులో వెన్నుపూసలో ఒక చుక్క కనబడగానే గుండె జారిపోనక్కర్లేదు.

గాలియం-68తో ఇప్పుడు కథ ఇంకో మలుపు తిరిగింది. దాని అర్ధాయువు 68 నిమిషాలే. అయితే దాన్ని ఇచ్చే జెర్మేనియం-68 అర్ధాయువు 271 రోజులు కాబట్టి సైక్లోట్రాన్ అక్కర్లేకుండా ఆసుపత్రిలోనే పిండుకోవచ్చు. దాన్ని డోటాటేట్ అనే అణువుకు కడితే న్యూరోఎండోక్రైన్ కణితుల మీద సోమాటోస్టాటిన్ అనే హార్మోన్ అతుక్కునే గ్రాహకాలను వెతుక్కుంటూ వెళుతుంది. పీఎస్‌ఎంఏ అనే ప్రోటీన్‌కు అతుక్కునే అణువుకు కడితే ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలను పట్టుకుంటుంది. ప్రోస్టేట్ తీసేశాక కొన్నేళ్లకు రక్తంలో పీఎస్‌ఏ (ప్రోస్టేట్ కణాలు విడుదల చేసే ప్రోటీన్) మెల్లగా పెరుగుతుంటే, సీటీలోనూ ఎముకల స్కాన్‌లోనూ ఏమీ కనబడని దశలోనే ఒక చిన్న లింఫ్ గ్రంథి దగ్గర దీని వెలుగు దొరకొచ్చు. అమెరికా ఔషధ సంస్థ దీనికి 2020 డిసెంబరులో అనుమతి ఇచ్చింది.

ఇక్కడ గాలియం తీసేసి ఆ చోట ల్యూటీషియం-177 పెడితే స్కాన్ మందు కాస్తా వైద్యం అవుతుంది. దాని అర్ధాయువు ఆరున్నర రోజుల పైచిలుకు. అది విసిరే బీటా కణాలు ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపే తమ శక్తి దించేసి చుట్టూ ఉన్న కణాలను చంపుతాయి. ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం ధ్రువ రియాక్టర్‌లో దీన్ని తయారు చేస్తుంది, కాబట్టి ఈ వైద్యానికి మూలసరుకు మన దేశంలోనే ఉంది. అయితే గాలియం స్కాన్‌లో వెలగని కణితికి ల్యూటీషియం చేరదు. అందుకే ముందు స్కాన్ తీయకుండా ఈ మందు ఎక్కించరు. ప్రోస్టేట్ రోగుల్లో కొన్ని కేంద్రాలు పీఎస్‌ఎంఏ స్కాన్‌తో పాటు ఎఫ్‌డీజీ స్కాన్ కూడా తీయమంటాయి. రెండేసి స్కాన్లు, రెండేసి ఖర్చులు ఎందుకని ఇంట్లోవాళ్లు అడుగుతారు. కాలేయంలో ఒక గడ్డ ఎఫ్‌డీజీలో బాగా వెలిగి పీఎస్‌ఎంఏలో అసలు వెలగలేదంటే, అది పీఎస్‌ఎంఏను వదిలేసి దూకుడుగా పెరుగుతున్న గడ్డ అన్నమాట. మిగతావన్నీ ల్యూటీషియంకి కరిగినా అది కరగదు. అప్పుడు డాక్టర్లు ల్యూటీషియం ఒక్కదాన్నే నమ్ముకోకుండా, ఆ గడ్డ ముక్క తీయించి, కీమో వైపు ఆలోచిస్తారు.